తిమ్మరుసు ద్రోహం చేశాడా? మేక కళ్ళ కథ నుంచి 1524 దాకా

విశాఖపట్నంలో శ్రీకృష్ణదేవరాయల మీద నాటకం ఆడినా, టీవీలో పాత సినిమా వేసినా, చివరి ఘట్టం అయ్యాక జనం మాట్లాడుకునేది ఒక్క సంగతే. ఈ మధ్య ఒక పద్యనాటకం ముగిసి బయటికి వస్తుంటే, నా ముందు నడుస్తున్న పెద్దాయన ఒకరు "అప్పాజీ అంతటివాడు పసిబిడ్డకు విషం పెట్టిస్తాడా?" అని సొంత బంధువు గురించి అడిగినంత బాధగా అడిగారు. పక్కనున్న కుర్రవాడు "పదవి పోతుంటే ఎవరైనా ఏమైనా చేస్తారు మాస్టారూ" అన్నాడు. ఆ ఇద్దరి మాటలూ ఇంటిదాకా నా వెంట వచ్చాయి, ఎందుకంటే చరిత్రకారులు ఈ విషయం మీద చేసే వాదన కూడా దాదాపు ఆ రెండు వాక్యాల మధ్యే తిరుగుతూ ఉంటుంది.

చాలామందికి తెలిసిన కథ ఇది. సాళువ తిమ్మరుసు విజయనగర సామ్రాజ్యపు మహాప్రధాని. రాయలను సింహాసనం ఎక్కించినవాడూ, ఆయన చేత "అప్పాజీ" అని పిలిపించుకున్నవాడూ అతడే. రాయల కొడుకు తిరుమలరాయడు ఆరేళ్ళ వయసులో పట్టాభిషిక్తుడై, కొద్ది నెలలకే మరణించాడు. విషప్రయోగం జరిగిందన్న అభియోగం మీద తిమ్మరుసును కుటుంబంతో సహా చెరలో పెట్టి, చివరికి కళ్ళు తీయించారు. ఇందులో ఏది రాతి మీద ఉంది, ఏది ఒక్క మనిషి నోటి మాట, ఏది తరువాతి కాలం కట్టిన కథ అన్నది విడదీసి చూస్తే తప్ప, పెద్దాయన ప్రశ్నకు గాని కుర్రవాడి జవాబుకు గాని విలువ కట్టలేము.

సాక్షులు ఎవరు, వారు ఎప్పుడు మాట్లాడారు

ఈ ఉదంతానికి మనకున్న ఆధారాలు నాలుగు రకాలు. మొదటివి శాసనాలు. ఇవి ఆ కాలంలోనే చెక్కినవి కాబట్టి తేదీలకూ, పేర్లకూ, దానాలకూ నమ్మదగినవి, కానీ అంతఃపురంలో ఎవరు ఎవరిని అనుమానించారో శాసనం చెప్పదు. 1524 నాటి కొన్ని శాసనాలు తిరుమలరాయని రాజుగా పేర్కొంటాయి. అంటే తండ్రి బతికుండగానే కొడుక్కి రాజ్యాధికారం ఇచ్చిన మాట నిజమే. పిల్లవాడు ఎలా పోయాడన్నది మాత్రం వాటిలో దొరకదు.

రెండవ ఆధారం డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు. ఇతడు 1520 ప్రాంతంలో, రాయలు సింహాసనం మీద ఉన్న రోజుల్లోనే, విజయనగరాన్ని కళ్ళారా చూశాడు. తిమ్మరుసును వృద్ధుడైన ఆప్తమంత్రిగా వర్ణిస్తూ, రాజగృహం మొత్తం అతని ఆజ్ఞలో ఉంటుందనీ, పెద్ద పెద్ద ప్రభువులు కూడా అతని ముందు రాజు ముందు మెలిగినట్టే మెలుగుతారనీ రాశాడు. పతనానికి నాలుగేళ్ళ ముందు రాసిన మాటలివి. ప్రశంసగా రాసిన ఆ వాక్యాన్ని తరువాత జరిగినది తెలిసి చదివితే కొంచెం భయం కూడా కలుగుతుంది.

మూడవవాడు ఫెర్నావో న్యూనిజ్. గుర్రాల వ్యాపారం మీద వచ్చిన మరో పోర్చుగీసు. ఇతడు విజయనగరంలో ఉన్నది 1535 నుంచి 1537 వరకు, అంటే రాయలు 1529లో మరణించిన ఆరేడేళ్ళ తరువాత, తమ్ముడు అచ్యుతరాయల కాలంలో. విషప్రయోగం, చెర, కళ్ళు తీయించడం, అంతకు ముందు మేక కళ్ళ ఉదంతం, ఇవన్నీ మనకు వివరంగా అందినది ఇతని రచన ద్వారానే. ఈ ఇద్దరి రాతలనూ రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చిన తరువాతే అవి మన చరిత్రకారులకూ నాటకకర్తలకూ విస్తృతంగా చేరాయి.

నాలుగవది తెలుగు సాహిత్యం. వీటిలో రాయవాచకం ప్రధానమైనది. రాయల సమకాలికుడైన ఒక స్థానాపతి, అంటే కొలువులో ఉండే ప్రతినిధి, తన ప్రభువుకు నివేదించినట్టుగా ఇది సాగుతుంది గాని, మధుర నాయకుల కాలంలో, పదహారవ శతాబ్దం చివరి ప్రాంతంలో పుట్టిన రచన అని పండితులు భావిస్తారు. ఇందులో అప్పాజీ బుద్ధిబలం ప్రతి పుటలో కనిపిస్తుంది, అతని పతనం మాత్రం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే గ్రంథం కళింగ దండయాత్ర విజయంతోనే ముగుస్తుంది.

ద్రోహం అనే మాటలో ఎన్ని మాటలున్నాయి

ఈ రోజు మనం నమ్మకద్రోహం అన్నప్పుడు ఒక మనిషి మరో మనిషిని మోసగించడం గురించే ఆలోచిస్తాం. మధ్యయుగపు కొలువులో ఆ మాటకు అంతకన్నా పొరలున్నాయి. ఉప్పు తిన్న యజమానికి ఎదురుతిరగడం స్వామిద్రోహం. సింహాసనానికి హాని తలపెట్టడం రాజద్రోహం. స్నేహధర్మాన్ని తప్పడం మిత్రద్రోహం. మామూలు రోజుల్లో ఈ మూడూ ఒకే దిక్కు చూపిస్తాయి కాబట్టి ఎవరూ వాటిని విడదీయరు. రాజు మరణశయ్య మీద ఉన్నప్పుడు, వారసుడు చిన్నవాడైనప్పుడు, రాజు చెప్పిన మాటకూ రాజ్యానికి మేలు చేసే మాటకూ పొంతన లేనప్పుడు మాత్రం ఇవి మూడు దిక్కులకు లాగుతాయి. ఆ స్థితిలో మంత్రి ఏం చేసినా, ఏదో ఒక అర్థంలో ద్రోహి కాక తప్పదు.

మన ప్రాంతాన్ని ఏలిన గజపతుల సంగతి ఇక్కడ తలచుకోవాలి. కపిలేంద్ర గజపతి శాసనాలలో రాజాజ్ఞను మీరిన అధికారి జగన్నాథునికే ద్రోహి అన్న భావం కనిపిస్తుంది. రాజుకు అవిధేయత దేవునికి అపచారంగా మారిపోయిందన్నమాట. ఇంత గట్టి మాట పలికిన కపిలేంద్రుడు 1434-35 ప్రాంతంలో గంగవంశపు చివరి రాజైన నాలుగవ భానుదేవుని సింహాసనాన్ని తాను తీసుకున్నవాడే. ఇలా వచ్చిన రాజే విధేయత గురించి అంత తీవ్రంగా మాట్లాడవలసి రావడం నాకు వింతగా అనిపించదు. తాను వచ్చిన దారి మరొకరికి తెలియకుండా ఉండదని అతనికి తెలుసు.

1485 నుంచి 1509: సంరక్షకుల దారి

తిమ్మరుసు మీద అభియోగం ఎందుకంత సులువుగా నిలిచిందో తెలియాలంటే, రాయలు రాజు కాకముందు పాతికేళ్ళలో విజయనగర సింహాసనం ఎలా చేతులు మారిందో చూడాలి. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇదే, నాటకాలు దాదాపుగా వదిలేసే భాగమూ ఇదే.

1485లో సంగమవంశపు విరూపాక్షరాయలు కన్నకొడుకు చేతిలోనే హతుడయ్యాడు. ఆ గందరగోళంలో చంద్రగిరి సామంతుడు సాళువ నరసింహుడు సింహాసనాన్ని స్వాధీనం చేసుకున్నాడు. అతని తరఫున రాజధానిలో ప్రవేశించి పని పూర్తిచేసినవాడు సేనాని తుళువ నరసనాయకుడు. ఈ నరసనాయకుడే కృష్ణదేవరాయల తండ్రి. 1491లో సాళువ నరసింహుడు మరణిస్తూ తన పసిబిడ్డలను నరసనాయకుని చేతిలో పెట్టాడు.

ఆ పిల్లల్లో పెద్దవాణ్ణి కొద్దికాలానికే ఎవరో చంపేశారు. న్యూనిజ్ చెప్పేదాని ప్రకారం ఈ హత్య చేయించినవాడు నరసనాయకునికి గిట్టని ఒక సేనాపతి. అతని ఉద్దేశం సింహాసనం కాదు. సంరక్షకుడే పిల్లవాణ్ణి చంపించాడన్న నింద నరసనాయకుని మీద పడాలన్నదే. ఈ చిన్న ఉదంతాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రాజకుమారుని మరణాన్ని మరొకరి మీద నేరంగా మోపడం విజయనగర కొలువుకు తెలిసిన విద్య అని, తిమ్మరుసు ఉదంతానికి ముప్పై ఏళ్ళ ముందు సంగతిగా, అదే సాక్షి మనకు చెబుతున్నాడు. మరో చిక్కు కూడా ఉంది. ఆ సేనాపతి పేరును కూడా న్యూనిజ్ తిమ్మరస అనే అర్థం వచ్చేటట్టే రాశాడు. తిమ్మ, తిమ్మరస, తిమ్మప్ప అనే పేర్లు ఆ రోజుల్లో వాడవాడలా ఉండేవి. ఈ ఇద్దరినీ ఒక్కరే అనుకుని "అతడు మొదటి నుంచీ అంతే" అనేవారిని నేను చూశాను, అది కేవలం పేరు తెచ్చిన పొరపాటు.

రెండవ కొడుకు ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజయ్యాడు. నరసనాయకుడు అతణ్ణి పెనుకొండలో కాపలా మధ్య ఉంచి, రాజ్యాన్ని తాను నడిపాడు. 1503లో నరసనాయకుడు మరణించాక అతని పెద్దకొడుకు వీరనరసింహుడు ఆ స్థానంలోకి వచ్చి, 1505లో ఇమ్మడి నరసింహుణ్ణి చంపించి, తానే రాజుగా ప్రకటించుకున్నాడు. తుళువ వంశం సింహాసనం మీదికి వచ్చిన దారి ఇది. పసి రాజు, పక్కన సంరక్షకుడు, కొన్నేళ్ళకు సంరక్షకుని కుటుంబమే రాజకుటుంబం. కృష్ణదేవరాయలు పెరిగింది ఈ ఇంట్లోనే. పసివాడి పక్కన నిలబడిన బలవంతుడైన మంత్రి ఏం కాగలడో ఆయనకు పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం లేదు.

మేక కళ్ళు: ఒకే పనికి రెండు తీర్పులు

1509లో వీరనరసింహుడు మరణశయ్య మీద ఉన్నాడు. న్యూనిజ్ కథనం ప్రకారం అతడు తిమ్మరుసును పిలిచి, తన ఎనిమిదేళ్ళ కొడుకును రాజును చేయమనీ, అడ్డు రాకుండా తమ్ముడు కృష్ణరాయని కళ్ళు పీకించి తెచ్చి చూపించమనీ ఆజ్ఞాపించాడు. తిమ్మరుసు సరేనని వెళ్ళి, కృష్ణరాయని గుర్రపుశాలలోకి తీసుకుపోయి సంగతి చెప్పాడు. తనకు రాజ్యం అక్కరలేదనీ, జోగిలా బతికిపోతాననీ కృష్ణరాయడు అన్నాడట. ఇరవై ఏళ్ళు దాటిన ఈ యువకుడు ఎనిమిదేళ్ళ పసివాడికన్నా రాజ్యానికి తగినవాడని తలచిన తిమ్మరుసు, ఒక మేక కళ్ళు తీయించి రాజుకు చూపించాడు.

ఈ కథ అక్షరాలా జరిగిందో లేదో ఎవరూ రుజువు చేయలేరు. అయినా ద్రోహం అనే మాటను పరీక్షించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇందాక చెప్పుకున్న మూడు అర్థాలనూ దీనికి పెట్టి చూడండి. తిమ్మరుసుకు ఆ క్షణంలో స్వామి వీరనరసింహుడు, ఆ స్వామి ఆజ్ఞను మోసంతో తప్పించాడు కాబట్టి అది స్వామిద్రోహం. రాజ్యానికి పసివాడికన్నా యువకుడే మేలు అన్నది నిజమైతే అది రాజ్యసేవ. ప్రాణభయంలో ఉన్న కృష్ణరాయని వైపు నుంచి చూస్తే అంతకు మించిన ఆప్తబంధుత్వం లేదు. చేసిన పని ఒక్కటే, చేసిన చెయ్యి ఒక్కటే. సింహాసనం మీద ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి దాని పేరు మారిపోతుంది.

1524: పట్టాభిషేకం, పండుగలు, మరణం

న్యూనిజ్ చెప్పే వరుస ఇలా ఉంది. వయసు మీద పడుతున్నదని, తన తరువాత ఏం జరుగుతుందో తెలియదని, రాయలు ఆరేళ్ళ కొడుకుకు రాజ్యం అప్పగించాడు. తాను కొడుకుకు మంత్రిగా మారి, కొడుకు ముందు తలవంచి నమస్కరించాడు కూడా. అప్పటిదాకా మంత్రిగా ఉన్న తిమ్మరుసు సలహాదారు స్థానానికి జరిగాడు, అతని కొడుకుల్లో ఒకడికి గొప్ప ప్రభుపదవి దక్కింది. ఎనిమిది నెలలు ఉత్సవాలు సాగాయి. ఆ ఉత్సవాల మధ్యే పిల్లవాడు జబ్బుపడి మరణించాడు.

తరువాతి భాగమే ముఖ్యం. తిమ్మరుసు కొడుకు పెట్టించిన విషం వల్లనే తన బిడ్డ పోయాడని రాయలకు తెలిసిందనీ, ఆయన దానిని నిశ్చయంగా నమ్మాడనీ న్యూనిజ్ రాస్తాడు. తిమ్మరుసునూ అతని వారినీ బంధువులైన సేనాపతులనూ కొలువుకు పిలిపించి, అందరి ముందూ నిందించి, అప్పుడు గుర్రాలతో వచ్చి ఉన్న పోర్చుగీసుల సాయంతో బంధించాడు. ఆ నిందలో విషం మాట చివర వస్తుంది. ముందుగా వచ్చేది మేక కళ్ళ సంగతి. "నీవు నాకు రాజ్యం ఇచ్చావు, కానీ దానికి నేను నీకు రుణపడలేదు, ఎందుకంటే నా అన్న ఆజ్ఞను నీవు నెరవేర్చలేదు, మేక కళ్ళతో ఆయనను మోసగించావు, కనుక నీవు అప్పటినుంచే ద్రోహివి" అన్నది ఆ ప్రసంగం సారాంశం.

నేను ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోతాను. ఏ మోసం వల్ల తన కళ్ళు తనకు మిగిలాయో, దానినే రాయలు నేరంగా లెక్కించాడు. అలా లెక్కించవలసిన అవసరమూ ఆయనకు ఉంది. విషం గురించి ఎదుట నిలబెట్టగలిగిన సాక్షి ఎవరూ ఆ కథనంలో లేరు. తిమ్మరుసు ఒకసారి రాజును మోసగించాడన్నది మాత్రం, కొలువులో మరెవరికి తెలిసినా తెలియకపోయినా, రాయలకు స్వయంగా తెలుసు. ఒక రాజును మార్చినవాడు మరొక రాజును కూడా మార్చగలడన్న తర్కం మీద ఆ తీర్పు నిలబడింది.

ఆ తరువాత తండ్రీ కొడుకులు మూడేళ్ళు చెరలో ఉన్నారు. తిమ్మరుసు కొడుకు ఒకడు తప్పించుకుని కొండల్లో చేరి తిరగబడ్డాడు, సైన్యం వెళ్ళి పట్టితెచ్చింది. అప్పుడు కళ్ళు తీయించారు. తిమ్మరుసు బ్రాహ్మణుడు కావడం వల్ల మరణశిక్ష వేయలేదనీ, ఆ దేశంలో బ్రాహ్మణులను చంపకుండా బతికి ఉండేటట్టే శిక్షిస్తారనీ న్యూనిజ్ వివరిస్తాడు. పట్టుబడిన కొడుకు చెరలోనే పోయాడు. తిరుగుబాటు జరిగిన తరువాతే అంధశిక్ష పడిందన్న ఈ వరుసను నాటకాలు తొలగిస్తాయి, దానితో రాజు ఒక్క క్షణం ఆవేశంలో చేసినట్టు కనిపిస్తుంది. మూడేళ్ళు ఆలోచించడానికి సమయం ఉంది, ఆయన మనసు మారలేదు.

న్యూనిజ్ మాటను తూకం వేయడం

ఒక్క సాక్షి మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు, అతడు చెప్పిన ఇతర విషయాలను పరీక్షించడం న్యాయమైన పద్ధతి. ఒక పరీక్ష చేద్దాం. ఇమ్మడి నరసింహుణ్ణి పెనుకొండలో చంపించింది నరసనాయకుడే అని న్యూనిజ్ రాశాడు. కానీ ఇమ్మడి నరసింహుని పేరుతో శాసనాలు 1505 వరకు వస్తూనే ఉన్నాయి, నరసనాయకుడు 1503లోనే మరణించాడు. మరణించినవాడు రెండేళ్ళ తరువాత హత్య చేయించలేడు. అంటే హత్య జరిగిన మాట నిజం, చేయించినవాడి పేరు తప్పు. కొడుకు చేసిన పని తండ్రి ఖాతాలో పడింది.

ఈ పరీక్ష మనకు నేర్పేది చాలా ఉపయోగకరమైనది. న్యూనిజ్ సంఘటనలను కల్పించే మనిషి కాడు. నగరంలో నడుస్తున్న కథలను శ్రద్ధగా విని రాసుకున్నవాడు. కాని అంతఃపుర హత్యల విషయంలో ఎవరు చేశారన్న దగ్గర అతనికి అందింది నగరపు వదంతి మాత్రమే. తిరుమలరాయని విషయంలోనూ అదే కొలత పెడితే, పట్టాభిషేకం, మరణం, మంత్రి పతనం జరిగాయని ఒప్పుకోవచ్చు, విషం పెట్టినదెవరన్నది మాత్రం వదంతిగానే ఉంచాలి. పైగా అతడే ముందు "జబ్బుచేసి మరణించాడు" అని రాసి, తరువాత విషం సంగతి రాజుకు తెలిసినట్టుగా చెప్పాడు. ఆ రోజుల్లో ఆరేళ్ళ పిల్లవాడు జ్వరంతో పోవడానికి కుట్ర అవసరం లేదు.

ప్రసంగంలోని ఒక సంఖ్య కూడా ఆలోచింపజేస్తుంది. "నలభై ఏళ్ళుగా నీవు ఈ రాజ్యాన్ని నడిపావు" అని రాయలు అన్నట్టు న్యూనిజ్ రాశాడు. అప్పటికి రాయలు రాజై పదిహేనేళ్ళే. నలభై ఏళ్ళు అంటే సాళువ నరసింహుని కాలానికి పోవాలి. అది తిమ్మరుసు మొత్తం కొలువు జీవితాన్ని గుండుగుత్తగా చెప్పిన లెక్క కావచ్చు, లేదా జనం నోళ్ళలో పెరిగిన లెక్క కావచ్చు. రెండింటిలో ఏదైనా, ఆ ప్రసంగాన్ని కొలువులో ఎవరో కూర్చుని అక్షరాలా రాసుకున్నట్టు చదవకూడదు.

ఎవరికి లాభం అనే ప్రశ్న

కుర్రవాడి వాదానికి న్యాయం చేయాలి. తిమ్మరుసుకు కారణం ఉందా అంటే, ఉంది. పట్టాభిషేకంతో మహాప్రధాని పదవి రాయలకే వెళ్ళింది, తిమ్మరుసు ఒక మెట్టు దిగాడు. జీవితమంతా రాజు తరువాత తానే అన్నట్టు బతికిన వృద్ధుడికి అది చిన్న సంగతి కాదు. పిల్లవాడు లేకపోతే పాత ఏర్పాటు తిరిగి వస్తుందని అతని కొడుకులు ఆశపడి ఉండవచ్చు. అభియోగం ముందుగా కొడుకు మీద పడటాన్ని గమనించినవారు, తండ్రికి తెలియకుండా కొడుకు చేశాడేమో అని కూడా ఊహించారు.

ఎదుటి పక్షం బలమూ తక్కువది కాదు. ఆరేళ్ళ రాజు, అలసిన తండ్రి, అనుభవజ్ఞుడైన మంత్రి అనే అమరికలో రాయలు పోయిన మరునాడు రాజ్యం ఎవరి చేతిలోకి వస్తుంది? తిమ్మరుసు కుటుంబం చేతిలోకే. నరసనాయకుని ఉదాహరణ కళ్ళముందే ఉంది. అంటే పిల్లవాడు బతికి ఉండటమే వారికి లాభం. పిల్లవాడు పోతే, రాజ్యం చంద్రగిరిలో ఉంచిన అచ్యుతరాయల వంటి పెద్దవారి వైపు మళ్ళుతుంది. నిజానికి 1529లో జరిగింది అదే. లాభం అనే త్రాసులో తూచినప్పుడు తిమ్మరుసు వైపు ముల్లు నిర్దోషిత్వం వైపే మొగ్గుతుందని నా అంచనా.

మూడవ వాదం ఒకటి ఉంది, ఇది వ్యక్తుల నుంచి వ్యవస్థ వైపు చూస్తుంది. 1515లో కొండవీడు పట్టుబడ్డాక ఆ సీమ పాలన తిమ్మరుసు చేతిలోకి, అతని ద్వారా మేనల్లుళ్ళు నాదెండ్ల అప్పన, నాదెండ్ల గోపనల చేతుల్లోకి వచ్చింది. వీరు ఉత్త అధికారులు కారు. మాదయగారి మల్లన తన రాజశేఖర చరిత్రను అంకితమిచ్చినది ఈ అప్పనకే, గోపన స్వయంగా ద్విపద కావ్యం రాసిన కవి. తిమ్మరుసు కూడా బాలభారతానికి సంస్కృత వ్యాఖ్య రచించిన పండితుడు. కోటలు, సీమలు, ఆదాయాలు, కవులు, ఇన్ని ఒకే కుటుంబం చుట్టూ చేరినప్పుడు, దానిని విడగొట్టాలన్న కోరిక రాజుకు కలగడానికి బిడ్డ మరణం అవకాశం ఇచ్చిందని ఈ వాదం వారు అంటారు. ఆముక్తమాల్యదలో రాయలే, కోటలను ఆప్తులైన బ్రాహ్మణుల చేతిలో పెట్టమని చెబుతూ, తగిన మంత్రి దొరకనప్పుడు రాజు తన పనులు తానే చూసుకోవాలి గాని తగనివాణ్ణి తెచ్చుకుని అతని చేతికింద బతకరాదని కూడా చెబుతాడు. ఈ రెండు సలహాల మధ్య ఉన్న ఇరుకు దారిలోనే ఆయన ఇరవై ఏళ్ళు నడిచాడు.

ఈ మూడు వాదాలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టివేయవు. ఒక తండ్రి నిజంగా దుఃఖంలో నిజంగా నమ్మి ఉండవచ్చు, అదే సమయంలో ఆ నమ్మకాన్ని ఆయన చెవిలో వేసినవారికి వేరే లెక్కలు ఉండి ఉండవచ్చు.

సింహాద్రి వైపు నుంచి చూస్తే

విశాఖ వాసులు ఈ కథను విజయనగరం పక్షాన నిలబడి చూస్తారు గాని, ఆ రోజుల్లో మన నేల గజపతులది. రాయలు 1516 మార్చి 30న చిన్నాదేవి, తిరుమలదేవులతో సింహాచలం వచ్చినప్పుడు, అది గెలుస్తూ వస్తున్న శత్రురాజు రాక. సింహాద్రి పొట్నూరు దగ్గర నాటించిన జయస్తంభం కూడా ఆ దండయాత్రదే. తరువాత కుదిరిన సంధిలో కృష్ణానదికి ఉత్తరపు ప్రాంతాన్ని గజపతికి తిరిగి ఇచ్చి, ఆయన కూతుర్ని రాయలు వివాహమాడాడు.

ఈ దండయాత్ర గురించి రాయవాచకం చెప్పే ఉపాయం మన విషయానికి నేరుగా సంబంధించినది. గజపతికి పదహారుమంది పాత్రులు, అంటే ప్రధాన సామంతులు అండగా ఉన్నారు. అప్పాజీ వారికి లంచం ఇవ్వలేదు. లంచం ఒప్పుకున్నట్టు ఉత్తరాలు రాయించి, ధనం నింపిన పెట్టెలతో పాటు, అవి గజపతి మనుషుల చేతికే చిక్కేటట్టు పంపించాడు. తన సొంతవారే తనను అమ్మేశారని నమ్మిన గజపతి యుద్ధం చేయకుండానే తప్పుకున్నాడు. పాత్రులు ఏ తప్పూ చేయలేదు. వారి మీద అనుమానం పుట్టించడమే చాలింది. ఇది చరిత్రో కల్పనో అన్న వాదన ఎలా ఉన్నా, కల్పించిన ద్రోహం ఒక రాజును ఎలా కూల్చగలదో ఇంత స్పష్టంగా తెలిసిన కొలువులో, ఆ ఉపాయానికి పేరుపడ్డ మంత్రే కొన్నేళ్ళకు అనుమానానికి బలికావడం చదివితే గుండె బరువెక్కుతుంది.

నిజమైన మంత్రిద్రోహం ఎలా ఉంటుందో పోల్చిచూడాలంటే ఉదాహరణ గజపతుల ఇంట్లోనే ఉంది. 1540లో ప్రతాపరుద్రుడు మరణించాక, మంత్రి గోవింద విద్యాధరుడు ఆయన కొడుకులను ఒకరి తరువాత ఒకరిని చంపించి 1541లో తానే సింహాసనం ఎక్కాడు. విజయనగరంలోనూ ఆ మరుసటి ఏడే, అచ్యుతరాయల కొడుకును మేనమామ సలకరాజు చిన తిరుమలయ్య చంపించి రాజయ్యాడు, అతణ్ణి రాయల అల్లుడు రామరాయలు చంపి సదాశివరాయలను పేరుకు రాజును చేసి తాను ఏలాడు. ఈ ఉదంతాలన్నిటిలో ఒక గుర్తు సమానం. పసివాణ్ణి చంపినవాడు వెంటనే సింహాసనాన్నో, దాని పగ్గాలనో పట్టుకున్నాడు. తిమ్మరుసు కథలో ఆ రెండవ అడుగు లేదు. ఎనిమిది నెలల ఉత్సవాల మధ్య పిల్లవాడు పోయిన తరువాత, అతడు కొలువుకు పిలిస్తే వచ్చాడు, కుటుంబంతో సహా పట్టుబడ్డాడు.

రంగస్థలం ఏం మార్చింది

1962లో వచ్చిన సినిమాలో ఎన్.టి.రామారావు రాయలుగా, గుమ్మడి వెంకటేశ్వరరావు తిమ్మరుసుగా నటించిన తరువాత తెలుగువారి మనసులో ఈ కథకు ఒక రూపం స్థిరపడింది. అందులో మంత్రి నిర్దోషి, దోషులు వేరే, రాజుకు నిజం ఆలస్యంగా తెలుస్తుంది. పద్యనాటకాలు కూడా ఈ దారిలోనే నడుస్తాయి. ఇది కళకు అవసరమైన మార్పు. ప్రేక్షకుడు ఇద్దరినీ ప్రేమిస్తున్నాడు కాబట్టి ఇద్దరూ మంచివారుగా మిగలాలంటే మూడవ దుర్మార్గుడు కావాలి. చరిత్రలో ఆ మూడవవాడి పేరు దొరకదు. పశ్చాత్తాపం కూడా న్యూనిజ్ కథనంలో లేదు, తిమ్మరుసు చివరికి కళ్ళు లేకుండా చెరలోనే మిగులుతాడు. పెనుకొండలో శిథిలమైన ఒక కట్టడాన్ని తిమ్మరుసు సమాధిగా స్థానికులు చూపిస్తారు. ఇమ్మడి నరసింహుణ్ణి తుళువులు బందీగా ఉంచి, చంపించింది కూడా ఆ పెనుకొండలోనే.

ఆ నాటకం చూసిన వారం తరువాత సింహాచలం వెళ్ళాను. రాయల 1516 శాసనం అక్కడ ఇచ్చిన కానుకలను లెక్కపెట్టి చెబుతుంది: 991 ముత్యాలున్న హారం, వజ్రమాణిక్యాల కడియాలు, శంఖచక్రాల పతకం. వాటిని ఎవరి పుణ్యం కోసం సమర్పించాడో కూడా చెబుతుంది. తల్లి నాగాదేవమ్మకు, తండ్రి నరసరాయనికి.